మన హాలు

ఆ ఇంట్లో అన్నీ వేరుపడ్డాయి గానీ వైఫై మాత్రం వేరుపడలేదు.

పొయ్యిలు వేరు, కరెంటు మీటర్లు వేరు, ఆఖరికి చెప్పుల స్టాండ్లు కూడా వేరు. కింద అత్తగారితో పెద్దకోడలి కాపురం, పైన చిన్నకోడలి కాపురం. వైఫై పెట్టె ఒక్కటే మెట్ల మలుపులో, ఏ వాటాకీ చెందని గోడకి వేలాడుతూ, పక్షపాతం లేకుండా ఇద్దరికీ పంచిపెట్టేది.

టీవీల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అందరూ కలిసి ఉన్నప్పుడు కొన్న టీవీని మొదటిసారి పెట్టగానే అది తనకో పేరు కావాలంది. పెద్దకోడలు రెండో ఆలోచన లేకుండా 'మన హాలు' అని పెట్టింది. తర్వాత పై అంతస్తు వేసుకుని, చిన్నకోడలు అక్కడికి మారి, వేరే టీవీ కొనుక్కుంది. అదీ పేరడిగింది. లోకంలో పేర్లకి కరువొచ్చినట్టు ఈవిడా 'మన హాలు' అనే పెట్టింది. ఇక చూడండి. ఫోన్లో బొమ్మని టీవీ మీదకి పంపిద్దామని వెతికితే, ఒకదాని కింద ఒకటి రెండు మన హాళ్లు కనిపించేవి. మామూలుగా పైనున్నది పై వాటాది, కిందున్నది కింది వాటాది. ఎప్పుడైనా అవి తారుమారై చిన్నకోడలు పెట్టిన సినిమా కింద గోడ మీద ప్రత్యక్షమయ్యేది. వెంటనే పెద్దకోడలు మెట్ల దగ్గరికి వచ్చి కేకేసేది.

"ఏమేవ్, నీ బొమ్మ మా ఇంటికొచ్చిందే! టీ తాగి వెళ్తుందా, ఇప్పుడే పంపించెయ్యనా?"

పైనుంచి చిన్నకోడలు నవ్వుకుంటూ దిగి వచ్చి, బొమ్మ తాగాల్సిన టీ తను తాగి వెళ్లేది. పేరు మార్చుకోవచ్చు కదా అని మగవాళ్లు చెప్తూనే ఉండేవారు. తోడికోడళ్లిద్దరూ ఆ మాట వినిపించుకోలేదు.

ఇంటి వెనక రేకుల గది వాళ్ల కుట్టుగది. స్కూలు యూనిఫారాలు కుట్టేవారు. పెద్దకోడలిది కత్తిరింపు, చిన్నకోడలిది మెషిను. కాజాలకీ గుండీలకీ ఇద్దరు ఆడవాళ్లు వచ్చిపోతుండేవారు. ఒకే వరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఒకే గదిలో ఇద్దరు తోడికోడళ్లు ఇన్నేళ్లుగా ఎలా ఇమిడారా అని చుట్టుపక్కలవాళ్లు తెగ బెంగపడేవారు. వాళ్ల బెంగ తీరే రోజు రానే వచ్చింది.

ఒక స్కూలు నుంచి స్కర్టులన్నీ వెనక్కొచ్చాయి. కింది మడత బొత్తిగా తక్కువ వదిలారు, ఏడాది తిరక్కుండా పొట్టి అయిపోతాయి అని తల్లులు గొడవ పెట్టారట. స్కూలు మేనేజరు చిన్నకోడలిని నలుగురి ముందూ నిలబెట్టి నానా మాటలూ అన్నాడు. నిజానికి ఆ గుడ్డ తెచ్చింది ఆవిడే. పన్నా తక్కువ గుడ్డ, ఈ వెడల్పు మడతకి చాలదే అని పెద్దకోడలు ముందే చెప్పింది. అయినా అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మన ఇళ్లల్లో కొత్తా? చిన్నకోడలు మూటతో సహా కుట్టుగదిలోకి వచ్చి, దాన్ని కత్తిరింపు బల్ల మీద విసిరికొట్టింది.

"ఇంకాస్త మడత వదిలితే నీ సొమ్మేం పోయేదక్కా? పిల్లలున్నదానివైతే తెలిసేది, పిల్లలు పెరుగుతారని!"

కాజాలు కుడుతున్నవాళ్ల చేతుల్లో సూదులు ఆగిపోయాయి. పెద్దకోడలికి పిల్లలు లేరు. ఆ మాట ఆ ఇంట్లో ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు, నోటి దురుసుకి పేరుపడ్డ అత్తగారు కూడా. పైగా చిన్నకోడలి కూతురిని సాకింది పెద్దకోడలే. తల్లి మెషిను మీద ఉంటే, పాప పెద్దమ్మ ఒళ్లోనే తిన్నది, పెద్దమ్మ భుజం మీదే నిద్రపోయింది, ఆ కత్తిరింపు బల్ల కోడు పట్టుకునే లేచి నిలబడి మొదటి అడుగు వేసింది.

 పెద్దకోడలు కత్తెర సొరుగులో పెట్టింది, మెడలో టేపు తీసి మేకుకి తగిలించింది, వెళ్లిపోయింది. మళ్లీ కుట్టుగది గడప తొక్కలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. ఆ మాట నోట్లోంచి ఊడిపడుతుండగానే చిన్నకోడలికి తెలిసింది తప్పని. తెలిసి ఏం లాభం? తెలిసిన క్షణమే అక్క చెయ్యి పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు. మర్నాడు పట్టుకోవచ్చనుకుంది. మర్నాడు మొహం చెల్లలేదు. అలా రోజులు దొర్లిపోయాయి, రోజు దొర్లినకొద్దీ ఆ మెట్లు దిగడం మరీ కష్టమైపోయింది.

పెద్దకోడలి భర్త, అంటే బావగారు, సరుకు రవాణా కంపెనీలో పనిచేసేవారు. వేరే ఊళ్లో బ్రాంచి చూసుకోమని కంపెనీవాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు. అడిగినప్పుడల్లా పెద్దకోడలు, "నా చెల్లెలినీ పాపనీ వదిలి నేనెక్కడికీ రాను, కావాలంటే మీరు వెళ్లి వండుకు తినండి" అని తేల్చేసేది. ఈసారి ఆయన మాటవరసకి అడిగితే, "సరే, వెళ్దాం" అంది. ఆయన నమ్మలేక రెండోసారి అడిగారట.

ఆ సంగతి తెలిసిన రోజు చిన్నకోడలి భర్త అన్నం ముందు కూర్చుని భార్య మొహంలోకి చూశాడు.

"ఒక్కసారి కిందకి వెళ్లి మాట్లాడవే. మేమెవరం చెప్పినా వదిన వినదు. నువ్వు ఆగమంటే ఆగుతుంది."

"ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటారు?"

"ఉన్న మొహమే పెట్టుకుని వెళ్లు. ఇంకోటి ఎక్కడ తెస్తాం?"

ఆవిడకి నవ్వు రాలేదు. కింద బీరువా ఖాళీ చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

కత్తిరించేవాళ్లు లేక కుట్టుగదిలో పని పేరుకుపోయింది. ఒక మధ్యాహ్నం చిన్నకోడలు చొక్కా కాలరు ఎలా కత్తిరించాలో ఫోన్లో ఎవరో మాస్టారు చెప్తుంటే చూడబోయింది. అరచేతిలో బొమ్మ ఆనలేదు. పెద్ద తెర మీద చూద్దామని ఫోన్లో వెతికి, పైనున్న 'మన హాలు' నొక్కింది. కలిసిందని ఫోను చెప్పింది. ఎదురుగా టీవీ మాత్రం నల్లగా మొహం వేలాడేసుకుని కూర్చుంది. ఒకవేళ కిందకి పోయిందేమోనని ఆవిడకీ అనుమానం వచ్చింది. చెవులు రిక్కించి మెట్ల వైపు విన్నది. కిందకి పోతే అక్క కేకెయ్యాలి కదా. కేక రాలేదు. మాటలు లేని ఇంట్లో కేకలు మాత్రం ఎలా ఉంటాయన్న ఆలోచన ఆవిడకి రాలేదు. టీవీ చెడిందనుకుని, దాన్నో తిట్టు తిట్టి, ఫోను పక్కన పడేసింది.

అప్పుడే కింద పెట్టెలు ఈడుస్తున్న చప్పుడైంది.  ఎదురుగా నిలబడితే నోరు పెగలదు, సరే, ఫోన్లో మాట్లాడి వీడియో పంపిస్తే? ఈ ఉపాయం ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదా అనుకుంటూ దారపుండల డబ్బాకి ఫోను ఆనించి, ఎదురుగా కూర్చుంది. జుట్టు సవరించుకుంది, అక్కకి చింపిరి జుట్టు గిట్టదు. తెర మీద తన మొహం తనకే పరాయిదానిలా ఉంది. రికార్డు నొక్కింది.

"అక్కా... నేను అన్న మాట నోటితో అన్నదే గానీ మనసులోది కాదక్కా. కాదు, అలా అనకూడదు, మనసులో లేకుండా నోట్లోకి ఎలా వస్తుందని నువ్వే అడుగుతావు. ఆ మేనేజరు మీద కోపం నీ మీద చూపించాను. నిన్ను ఎక్కడ కొడితే తగులుతుందో నాకు తెలుసు గనక అక్కడే కొట్టాను. నా కూతురికి నువ్వు అమ్మవి. నేను కన్నానంతే. వెళ్లొద్దక్కా. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నన్ను తిట్టేవాళ్లెవరు? వెళ్లొద్దు."

చివరి మాటలకొచ్చేసరికి ముక్కూ కళ్లూ ఏకమైపోయాయి. తుడుచుకుని, పంపేముందు ఒకసారి చూద్దామని వీడియో పెట్టింది. పెదాలు కదులుతున్నాయి, కన్నీళ్లు కారుతున్నాయి. మాట లేదు. చెవి దగ్గర పెట్టుకుంది. లేదు. సౌండు మీట ఎంత నొక్కినా లేదు. మైకు పోయిందనుకుంది.

మళ్లీ తీసుకోవచ్చు. మాట్లాడ్డానికి ఫోనే అక్కర్లేదు, మెట్లు దిగితే చాలు. రెండూ చెయ్యలేదావిడ. నిజం చెప్పాలంటే, మాట రానందుకు ఆవిడ గుండె కాస్త తేలికపడింది. చెయ్యాల్సింది చేశాను, ఫోను సహకరించలేదు, నేనేం చేసేది అనుకుంది. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఇలాంటివాళ్లని చూసే పుట్టి ఉంటుంది. మూగగా ఏడుస్తున్న ఆ మొహం పంపితే నవ్వులపాలవుతానని కూడా అనిపించింది. వీడియో మీద వేలు ఉంచింది. 'తొలగించాలా?' అని ఫోను అడిగింది. 'తొలగించు' నొక్కింది.

సాయంత్రం పాప పాటలు పెట్టుకుంటే ఫోను చక్కగా మోగింది. మాయదారి ఫోను, ఇప్పుడెలా వచ్చిందో అనుకుని ఊరుకుంది.

మర్నాడు పొద్దున్న కుట్టుగదికి వెళ్తుంటే, కింద వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్న అత్తగారు పిలిచింది. చూపు మందగించినా ఆవిడకి సీరియళ్ల పిచ్చి తగ్గలేదు. తెర మీద కనిపించే ఆడవాళ్లందరూ ఆవిడకి దగ్గరి చుట్టాలే. ఒకరు మేనకోడలిలా ఉంటుంది, ఇంకొకరు అచ్చం పాత పక్కింటావిడే.

"చిన్నదానా, నిన్న టీవీలో భలే ఏడ్చావే. నా కళ్లల్లో కూడా నీళ్లొచ్చాయి."

"అవునా అత్తయ్యా? వచ్చే వారం నవ్వుతాలే" అనేసి వెళ్లిపోయింది చిన్నకోడలు, చేతిలో దారపుండలు జారిపోతుంటే పట్టుకుంటూ.

బయల్దేరే రోజు వ్యాను గేటు దగ్గర ఆగింది. సామాను ఎక్కించారు. పాప పెద్దమ్మ నడుం పట్టుకుని వదలకపోతే, బావగారు ఏవో బొమ్మలు కొనిస్తానని మరిపించబోయి తనే మొహం తిప్పుకున్నారు. పెద్దకోడలు పాప చేతులు మెల్లిగా విడిపించి, చిన్నకోడలి ముందుకొచ్చి నిలబడింది. ఇన్నాళ్లకి మొదటిసారి ఆవిడ కళ్లల్లోకి సూటిగా చూసింది.

"నాతో ఏమైనా చెప్పాలా?"

 చిన్నకోడలు చుట్టూ చూసింది. వ్యాను డ్రైవరు చూస్తున్నాడు, కాజాల ఆడవాళ్లు చూస్తున్నారు, మొగుడు చూస్తున్నాడు.

"ఏముంది... జాగ్రత్తగా వెళ్లి రండి" అంది.

పుట్టింటి నుంచి వచ్చిన మొదటి వారం తప్ప అక్కని ఎప్పుడూ 'మీరు' అనలేదు. పెద్దకోడలు తలూపింది. ఇంకాసేపు ఆగింది కూడా. తర్వాత వెళ్లి వ్యానులో కూర్చుంది.

అత్తగారు వాళ్లతో వెళ్లలేదు. మెట్లెక్కలేను, ఊరు మారలేను అని కింది గదిలోనే ఉండిపోయింది. ఆవిడ కోసమని పాత టీవీని కూడా గోడకే వదిలేశారు. చిన్నకోడలు పూటపూటా కిందకి అన్నం తెచ్చిపెట్టేది. ఇన్నాళ్లూ దిగలేని మెట్లు ఇప్పుడు రోజుకి ఎన్నిసార్లు దిగుతోందో లెక్కలేదు. కింద మాట్లాడాల్సిన మనిషి లేదు మరి.

స్కూళ్లు తెరిచే రోజులొచ్చాయి. కత్తెర చిన్నకోడలి చేతికొచ్చింది. ఆవిడ చేతిలో గుడ్డ ఎటు పొమ్మంటే అటు పోదు. ఓ మధ్యాహ్నం స్కర్టు కత్తిరింపు వీడియో వెతికి, ఇవాళైనా పని చేస్తుందేమోనని పైనున్న 'మన హాలు' నొక్కింది. టీవీ మళ్లీ నల్లమొహమే. ఫోన్లో మాస్టారు నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. మాట లేదు.

మెట్ల కింద నుంచి కేక వినిపించింది.

"చిన్నదానా! మళ్లీ నా సీరియల్ మీద పడ్డావే! తియ్యి, తియ్యి, వాళ్లిద్దరూ ఇప్పుడే కలుసుకున్నారు!"

కేక వెనకాలే మాస్టారి గొంతు కూడా వినిపిస్తోంది. కింది హాల్లోంచి. పెద్దగా, స్పష్టంగా.

ఆవిడ మెట్లు ఎలా దిగిందో ఆవిడకే తెలియదు. అత్తగారి టీవీ నిండా తన ఫోనే ఉంది.

"మళ్లీ అంటున్నారేంటత్తయ్యా? ఇంతకుముందెప్పుడు పడ్డాను?"

"అదేనే, నువ్వు ఏడ్చిన రోజు. నేను చెప్తే వెటకారం చేశావు."

"అక్క చూసిందా?"

"చూడకపోవడమేంటి? నేనే పిలిచాను, ఇదేంటే చిన్నది టీవీలో ఉందీ అని. మొదట నీ పెదాలు కదిలాయంతే, మాట రాలేదు. పెద్దది టీవీకి ఎదురుగా నేల మీద కూర్చుండిపోయింది. తర్వాత మాట కూడా వచ్చింది. వెళ్లొద్దక్కా, వెళ్లొద్దక్కా అని. అది లేచి, చేతిలో దుమ్ము గుడ్డ ఉంటే దాంతో టీవీలో నీ మొహం తుడిచింది. పిచ్చిదానా, అది అద్దమే అంటే నవ్వింది. ఎన్నాళ్లకి నవ్విందో! వస్తుందత్తయ్యా, టీ పెడతాను అని లోపలికి పోయింది. ఆ మెట్ల తలుపు కూడా తీసిపెట్టింది."

చిన్నకోడలు అక్కడే గోడకి ఆనుకుంది.

"తర్వాత?"

"తర్వాతేముంది. రెండు గ్లాసులు పట్టుకొచ్చేసరికి టీవీలో ఏవో అక్షరాలొచ్చాయి. నాకు కనబడి చావదు కదా, ఏం రాశారే అని అడిగాను. చెప్పలేదు. చదువుకుని, అలాగే కాసేపు నిలబడింది. టీవీ కట్టేసింది. ఒక గ్లాసు నాకిచ్చి, రెండోది సింకులో పారబోసింది. చక్కెర దండగ."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది చిన్నకోడలికి. ఆ రోజు ఫోనుని టీవీ నుంచి విడదీయనే లేదు తను. తన మాట పోలేదు. ఎవరికి చేరాలో వాళ్లకే చేరింది, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. దాన్ని వెనక్కి లాక్కున్నది తనే. అక్క కళ్ల ముందే లాక్కుంది.

నిలబడ్డచోటే ఫోను చేసింది. టీవీ ఇంకా ఫోనుకి కలిసే ఉంది. 'అక్క' అన్న పేరు, కత్తిరింపు బల్ల మీద పాపని కూర్చోబెట్టుకున్న ఫొటో గోడంతా పరుచుకున్నాయి. పెద్దకోడలు ఎత్తింది. వెనక మెషిన్లు తిరుగుతున్న చప్పుడు.

"చెప్పు."

"అక్కా, ఆ రోజు నువ్వు... నేను కనిపించానటగా."

మెషిన్ల చప్పుడు దూరమైంది, ఆవిడ బయటికి నడిచినట్టుంది.

"కనిపించావు."

"నా ఫోన్లో మాట రాలేదక్కా. మాటంతా కిందకి వచ్చేసిందని నాకేం తెలుసు? మైకు పోయిందనుకుని తీసేశాను. ఒట్టక్కా."

"అదా సంగతి." ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. "నేనింకా నీ మనసు మారిందేమో అనుకున్నాను. చెప్పినట్టే చెప్పి ఎందుకు తుడిచేసిందా అని ఊరు మారేదాకా ఆలోచించాను."

"మారలేదక్కా."

"సరే, మాట రాలేదు. మళ్లీ చెప్పలేకపోయావా? గేటు దగ్గర నేనే వచ్చి అడిగాను గదే, ఏమైనా చెప్పాలా అని. అప్పుడు కూడా మైకు పోయిందా?"

 దీనికి చిన్నకోడలి దగ్గరున్న ఒక్క జవాబూ చెప్పుకునేది కాదు.

"వచ్చెయ్యక్కా. తప్పు నాదే. వచ్చెయ్యి."

"ఎలా వస్తానే? మీ బావగారు ఇక్కడ కుదురుకున్నారు. నేనూ ఓ సెంటర్లో చేరాను, కత్తిరింపు నేర్పిస్తున్నాను. ఇంటిని మాటిమాటికీ పెళ్లగించి పాతడానికి అదేమైనా మొక్కా?"

"నా మీద కోపం పోలేదా?"

"కోపం ఆ రోజే పోయింది, నీ ఏడుపు చూడగానే. ఆ టీ పారబోశాక మిగిలిందేంటో నాకూ తెలీదు. కోపం మాత్రం కాదు." ఎవరితోనో ఏదో చెప్పి మళ్లీ ఫోనులోకి వచ్చింది. "స్కూళ్లు తెరిచే రోజులు. కత్తెర ఎవరు పడుతున్నారు?"

"నేనే."

"స్కర్టులకి కింది మడత ఎంత వదులుతున్నావు?"

"ఇంచున్నర."

"చాలదు. మూడించులు వదులు. గుడ్డ పన్నా తక్కువైతే నడుం పట్టీకి వేరే ముక్క వేసుకో, మడత మాత్రం తగ్గించకు. పిల్లలు పెరుగుతారే."

దెప్పుతున్నట్టు అనలేదు. పని నేర్పేవాళ్లు చెప్పినట్టే చెప్పింది. పాపని అడిగానని చెప్పమని, ఫోను పెట్టేసింది. గోడ మీద అక్క ఫొటో పోయి, ఫోన్లోని గళ్లు గళ్లు బొమ్మలు మిగిలాయి.

"వస్తానందా?" అంది అత్తగారు.

"రాదత్తయ్యా."

అత్తగారు ఒళ్లో రిమోటు కోసం తడుముకుంది. తర్వాత, "అయితే నా సీరియల్ పెట్టు" అంది మెల్లిగా.

చిన్నకోడలు ఫోనుని టీవీ నుంచి విడదీసి, కుట్టుగదిలోకి వెళ్లింది. బల్ల మీద పరిచిన గుడ్డ మీద గీత దులిపి, సుద్ద పట్టుకుని మూడించులు వదిలి మళ్లీ గీసింది. గుడ్డ మీద నీళ్లు పడితే మరకలు పోవని, ఏడవాలంటే బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్లి ఏడవమని అక్క ఎప్పుడూ చెప్పేది. ఆ మాట కూడా విననే లేదావిడ.